32 అడుగుల బోటు, మా వీధి మగాళ్ల లెక్క

ఏప్రిల్ 15న ఒడ్డెక్కిన తెప్పలు జూన్ 14 దాకా కదలవు. 61 రోజులు వేట నిషేధం. ఈ రోజుల్లోనే మా పేటలో పెళ్లిళ్లు కుదురుతాయి, చిరిగిన వలలు బాగవుతాయి, తెప్పల బేరాలు సాగుతాయి. ఈ ఏడు, అంటే 2025లో, ఒక బేరం మా గుమ్మంలోకి వచ్చి కూచుంది. ఇరవై రోజులుగా ఇంట్లో మరో మాట లేదు.

భావనపాడు వైపు ఒకాయన తన ఫైబర్ బోటు అమ్ముతున్నాడు. 32 అడుగులు, ఏడేళ్ల బోటు, డీజిల్ ఇంజినుతో కలిపి 3 లక్షల 80 వేలు. మాకున్నది 22 అడుగుల ఫైబర్ తెప్ప. అది కూడా కొన్నప్పుడు పాతదే. ఆరేళ్లుగా మా కడుపు నింపుతోంది.

మా ఊరి పేరు రాయను గానీ, రాత్రి డాబా ఎక్కితే కళింగపట్నం లైట్‌హౌస్ దీపం కనిపిస్తుంది. నేను శ్రీకాకుళంలో డిగ్రీ చదివాను. పెళ్లయిన మర్నాటి నుంచీ మా తెప్ప లెక్కలు నావే. మా ఆయన నాకు మేనబావ, మా మావయ్య అంటే మా అమ్మ తమ్ముడే. అందుకని ఈ ఇంట్లో నేను గొంతెత్తి మాట్లాడినా ఎవరూ తప్పు పట్టరు. ఈ బోటు విషయంలో మాత్రం గొంతెత్తాలా వద్దా అని చాలా రాత్రులు ఆలోచించాను. ఎందుకంటే బావ కోరిక ఉత్త ఆశ కాదు. దాని వెనక వీరావల్ ఉంది.

బావ పందొమ్మిదో ఏట గుజరాత్‌లోని వీరావల్ రేవుకి, అక్కడి బోట్ల మీద వేటకి వెళ్లాడు. మా పేటలో మీసం వచ్చిన ప్రతివాడూ వెళ్లినవాడే. ఆగస్టులో రైలెక్కితే మళ్లీ వేసవికే ఇంటికి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇంట్లో నేను, అత్త, మావయ్య, ఏడాది నిండని మా గుంటడు. ఫోన్లు లేవు, కరెంటు లేదు. బావకి మేం బతికున్నామని తెలియడానికి నాలుగు రోజులు పట్టింది. నెలన్నర తిరిగేసరికి వీరావల్ నుంచి వేటకెళ్లిన మన వాళ్లను పాకిస్తాన్ పట్టుకుపోయిందని కబురు. వాళ్లలో బావ ఉన్నాడో లేడో తెలియని ఆ ఒక్క రోజు నా జీవితంలో నుంచి తీసేయగలిగితే తీసేస్తాను. బావ వేరే బోటులో ఉన్నాడు. పట్టుబడినవాళ్లు 2020 జనవరిలో గానీ వాఘా దాటి ఇంటికి రాలేదు. బావ 2019లో వచ్చేశాడు. మళ్లీ వెళ్లలేదు.

ఇప్పుడు మా ఆడపడుచు కొడుక్కి పద్దెనిమిది నిండాయి. వచ్చే ఆగస్టుకి వీరావల్ వెళ్తానని వాడి మాట. బావ నాతో అన్నది ఇదీ: "ఏడుగురు ఎక్కే బోటుంటే ఈడు, ఈడి నేస్తాలు మనతోనే ఉంటారే. మన ఊరు గుంటలు మన సముద్రంలో ఏటాడతారు. నాను సూసింది ఈళ్లు సూడక్కర్నేదు."

ఇలాంటి మాటకి ఎదురు లెక్క చెప్పడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి.

అయినా లెక్క ఉంది. కిందటి ఏడు మేం వేటకెళ్లింది 148 రోజులు. తుఫాను కబుర్లు, పెద్ద కెరటాలు, పండగలు, చావులు అన్నీ పోగా మిగిలినవి. వాటిలో 53 రోజులు డీజిలు ఖర్చు కూడా రాలేదు. ఒడ్డు దగ్గర చేప తగ్గిపోయింది. చిన్నప్పుడు కవ్వళ్లనే చిన్న చేపలు బుట్టలకి పట్టక ఇసకలో ఎండేసేవాళ్లం. ఇప్పుడు వంజరం కావాలన్నా, చందువ కావాలన్నా దూరం పోవాలి. 22 అడుగుల తెప్ప మీద అంత దూరం పోయి, అంత ఐసు, అంత వల మోసుకురావడం అయ్యే పని కాదు. కాబట్టి పెద్ద బోటు కావాలన్న మాటలో తప్పు లేదు. ఇది నేను మొదటి రోజే ఒప్పుకున్నాను.

డబ్బు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. నా బంగారం బ్యాంకులో పెడితే రెండు లక్షలొస్తాయి, మా తెప్ప అమ్మితే లక్షా పాతిక. వేట నిషేధం రోజులకి ప్రభుత్వం ఇచ్చే మత్స్యకార భరోసా ఈ ఏడు 10 వేల నుంచి 20 వేలయింది. ఏప్రిల్ 26న మన బుడగట్లపాలెంలోనే ముఖ్యమంత్రి వచ్చి మొదలుపెట్టారు. అది కలిపి, మిగతాది గ్రూపులో తీసుకుంటే సరిపోతుంది. కష్టమే గానీ కుదరనిదైతే కాదు. కాబట్టి నా భయం డబ్బు గురించి కాదు.

బోటు చూడ్డానికి ముగ్గురం వెళ్లాం. నరసన్నపేట, టెక్కలి దాటి, నౌపడ ఉప్పుమళ్ల పక్కనుంచి భావనపాడు. మావయ్యకి డెబ్బై దాటాయి. మోకాళ్లు నొప్పి, అయినా వస్తానన్నాడు. ఆయన చెక్క తెప్ప రోజుల మనిషి. దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగించి కట్టేవారు, వేట నుంచి వచ్చాక తాళ్లు విప్పి దుంగలు ఎండలో ఆరేసేవారు. ఆరకపోతే దుంగ నీళ్లు తాగి బరువెక్కుతుంది. తమిళంలో దాన్నే కట్టుమరం అంటారు, కట్టిన మాను అని. ఇంగ్లీషువాళ్ల కటమరాన్ అన్న మాట అందులోంచే పుట్టింది. ఇప్పుడు ఫోనులో కటమరాన్ అని వెతికితే రెండు పొట్టల తెల్లటి తెరచాప పడవలొస్తాయి. మా వాడికి చూపిస్తే "ఇది తాత తెప్పా?" అన్నాడు. పేరు తాత తెప్పదే నాన్నా అని చెప్పాను. ఆ మాట చెప్పేటప్పుడు నాకు గొంతు పట్టేసింది.

బోటు ఉప్పుటేరులో కట్టి ఉంది. ముందురోజే ఫోను చేసి ఒడ్డుకి లాగించి ఉంచమన్నాం గానీ, మేం వెళ్లేసరికి నీళ్లలోనే ఉంది, ఇంజిను ఆడుతోంది. "రండి రండి, సూడండి ఎంత నున్నగా తిరుగుతుందో" అన్నాడు ఆయన. బావ ఏమీ అనలేదు. ఇంజిను ఆపించి దాని మీద చెయ్యి పెట్టాడు. కాలిపోతోంది. "ఇది సల్లారాక ఓపాలి మళ్లీ తిప్పుదాం అన్నా" అన్నాడు నెమ్మదిగా.

పాత ఇంజిను కొనేవాళ్లకి ఇది ప్రాణం లాంటి సంగతి. వేడెక్కిన ఇంజిను ఏదైనా తిరుగుతుంది. తెల్లవారుజామున మూడింటికి, చలిలో, చీకట్లో, మొదటి తిప్పుకి అందుకుంటుందా అన్నదే ప్రశ్న. మేం మూడు గంటలు కూచున్నాం. చల్లారాక నాలుగో తిప్పుకి అందుకుంది. ముందు కొంచెం తెల్లపొగ, తర్వాత సన్నగా నీలంపొగ. తెల్లపొగ కాసేపట్లో పోతే పరవాలేదు. నీలంపొగ పోకుండా ఉంటే ఇంజిను ఆయిలు తాగుతోందని. ఇది పోలేదు. ఆయిలు పుల్ల తీసి చూస్తే నల్లగానే ఉంది, పాలవిరుగుడులా లేదు. అంటే నీరు దిగలేదు. రింగులు మార్చుకుంటే ఇంకో మూడేళ్లు వస్తుందని బావ అంచనా. పాతిక వేలు.

మధ్యాహ్నానికి నీరు తీసింది, బోటు బురద ఒడ్డుకి ఆనింది. అప్పుడు మావయ్య జేబులోంచి పాత రూపాయి బిళ్ల తీశాడు. అణియం దగ్గర, అంటే బోటు ముందు కొస దగ్గర మొదలుపెట్టి, జానెడు జానెడు దూరంలో బిళ్లతో కొట్టుకుంటూ, చెవి ఆనించి వింటూ వెనక కొస అమరం దాకా వెళ్లాడు. నేను ఆయన వెనకాలే. మంచి ఫైబర్ టంగుమంటుంది, చిన్న గంట కొట్టినట్టు. పొరలు విడిపోయిన చోట, నీళ్లు దిగిన చోట డబ్బుమంటుంది, పాడైన కొబ్బరికాయ తట్టినట్టు. కుడిపక్క అంతా టంగుమనే ఉంది. ఎడంపక్క వెనక, ఇంజిను దిమ్మ దగ్గర, రెండు అరచేతుల మేర డబ్బుమంది. మావయ్య మళ్లీ కొట్టాడు, నా చెయ్యి పట్టుకుని నాతో కొట్టించాడు. కళ్లు మూసుకుంటే తేడా వేలికి కూడా తెలిసింది. దిమ్మ కింద చెక్క పెట్టి పైన ఫైబర్ వేస్తారు. బోల్టు సందుల్లోంచి నీరు దిగితే లోపల చెక్క కుళ్లుతుంది, పైకి మాత్రం రంగు మెరుస్తూనే ఉంటుంది. తర్వాత అంచు పట్టుకుని బోటుని అటూ ఇటూ ఊపి విన్నాడు. మునిగిపోకుండా పక్క పెట్టెల్లో ఫోము నింపుతారు కదా, అందులోకి నీరు చేరితే చప్పుడు చేస్తుంది. చప్పుడు లేదు. "పెట్టెలు పొడే" అన్నాడు.

కాగితాలు నేను చూశాను. రిజిస్ట్రేషన్ ఉంది, లైసెన్సు ఉంది, పేరు ఆయనదే. పాత బోటు కొనే అక్కచెల్లెళ్లకి ఒక మాట. పేరు మార్పు కాగితం చేతికి రాకుండా మొత్తం డబ్బు ఇవ్వకండి. బోటు మీ పేరున లేకపోతే లీటరుకి 9 రూపాయల డీజిలు రాయితీ మీకు రాదు, ఏ తుఫానులోనైనా బోటు పోతే పరిహారం పాత యజమాని పేరునే రాసి ఉంటుంది. మేం ఇప్పుడున్న తెప్పకి పేరు మార్పించుకోవడానికి పద్నాలుగు నెలలు తిరిగాం. అమ్మినాయన సంతకానికి రమ్మంటే రాడు. ఆ పద్నాలుగు నెలల రాయితీ పోయినట్టే.

అంతా చూశాక బావ మొహం వెలుగుతోంది. రింగులు, దిమ్మ కలిపి నలభై వేల పని, బేరమాడితే 3 లక్షల 30 వేలకి దిగుతాడు. నేనూ దాదాపు మనసులో ఊ అనేశాను. వెళ్లిపోయే ముందు చెప్పులు తీసి బురదలోకి దిగి, బోటు అడుగు చూశాను. ఎందుకు చూడాలనిపించిందో చెప్పలేను. బహుశా ఏటా ఈ నెలలో మా తెప్ప అడుగుకి రెజిను జిగురు పూసేది నేనే కాబట్టి.

అడుగు నున్నగా ఉంది. వేలితో రాస్తే జారిపోయేంత నున్నగా. నాచు, నత్తగుల్లల మచ్చలు తప్ప ఒక్క గీత లేదు. ఆయన గర్వంగా "సూడమ్మా, కొత్త బోటు అడుగే" అన్నాడు. బావ నవ్వాడు. నాకు మాత్రం కాళ్ల కింద బురద చల్లగా తగిలింది. మా తెప్ప అడుగు అలా ఉండదు. రోజూ రెండుసార్లు ఇసక మీద ఈడ్చి ఈడ్చి నడిమి గీత వెంబడి పైపూత పోయి, ఫైబర్ నారలు కొబ్బరిపీచులా లేచి ఉంటాయి. ఏటా రెండు పొరలు ఫైబర్ మ్యాటు వెయ్యాల్సిందే. ఈ బోటు ఏడేళ్లలో ఒక్కసారి కూడా ఇసక తొక్కలేదు. ఏరులో పుట్టి ఏరులో పెరిగింది. దీన్ని ఎవరూ ఎప్పుడూ మొయ్యలేదు.

మాకు ఏరు లేదు. జెట్టీ లేదు. నిలువు ఒడ్డు, దాని మీద కెరటం.

తెప్ప ఒడ్డెక్కడం చూడనివాళ్ల కోసం రాస్తున్నాను. వేట నుంచి వచ్చిన తెప్ప కెరటాలు విరిగే చోటుకి అవతలే ఆగుతుంది. అమరం దగ్గర కూచున్న మనిషి వెనక్కి చూస్తూ ఉంటాడు. పెద్ద కెరటాలు వరసగా వస్తాయి, తర్వాత కాసేపు చిన్నవి. ఆ సందు చూసి, ఒక కెరటం వీపు వెనకాలే ఇంజిను పూర్తిగా పెంచి లోపలికి వస్తాడు. ముందుకి పోతే కెరటం మీద నుంచి జారి అణియం గుచ్చుకుంటుంది, వెనకబడితే తర్వాతి కెరటం అందుకుని అడ్డం తిప్పేస్తుంది. అడ్డం తిరిగితే అయిపోయినట్టే. ఇసక తగలగానే మగాళ్లు దూకి రెండు పక్కలా పట్టుకుంటారు, ఒడ్డున ఉన్నవాళ్లు తాడు అందుకుంటారు. మళ్లీ కెరటం వచ్చే లోపల నాలుగు బారలు పైకి లాగాలి. తర్వాత తాళ్లలోకి కర్రలు దూర్చి భుజాల మీదకెత్తి, ముందు అణియం ఓ అడుగు, తర్వాత అమరం ఓ అడుగు, అలా ఊపుకుంటూ పొడి ఇసక దాకా నడిపిస్తారు. పదిహేనేళ్లుగా నేను ఆ ఒడ్డున బుట్టతో నిలబడుతున్నాను. సముద్రంలో ఏం జరుగుతుందో నాకు తెలియదు. ఒడ్డున ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి పుస్తకం తీశాను. పొడుగు 22 నుంచి 32 అంటే ఒకటిన్నర రెట్లకి కాస్త తక్కువ. కానీ వెడల్పూ, ఎత్తూ కూడా అదే లెక్కన పెరుగుతాయి. మూడూ గుణిస్తే బరువు మూడింతలవుతుంది. మా తెప్ప ఎత్తడానికి ఎనిమిదిమంది కావాలి. మూడెనిమిదులు ఇరవై నాలుగు. మా వీధిలో 38 గడపలు. గడప గడపకీ పేరు రాసుకుంటూ వచ్చాను. వీరావల్‌లో ఉన్నవాళ్ల పేరు పక్కన వీ, చెన్నై అయితే చె, పారాదీప్ అయితే పా, ముసలివాళ్లకి సున్నా. నవంబరులో, వేట బాగుండే రోజుల్లో, ఊళ్లో ఉండి భుజం పట్టగలవాళ్లు పద్నాలుగు మంది. వాళ్లకీ తమ తెప్పలున్నాయి.

మర్నాడు పుస్తకం బావ ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు. "ట్రాక్టరు" అన్నాడు. అదీ రాసి ఉంచాను. పక్క ఊళ్లో ట్రాక్టరు ఒక లాగుడికి 400 తీసుకుంటోంది. దింపడానికోసారి, ఎక్కించడానికోసారి, రోజుకి 800. 148 రోజులకి 1,18,400. బోటు, ఇంజిను, వల వాటాలు తీశాక ఇంటికి మిగిలేది దాదాపు అంతే. పైగా పోటు మీదున్నప్పుడు తడి ఇసకలో ట్రాక్టరే దిగబడుతుంది.

"వంశధార మొగలో కట్టుకుంటే?" అన్నాడు, ఏరు సముద్రంలో కలిసే చోట. దీనికి నేను జవాబు చెప్పలేదు, మావయ్య చెప్పాడు. "మొగ ఏటా ఒకే కాడ ఉంటాదేట్రా? ఓ ఏడు ఇక్కడ తెగుతాది, ఓ ఏడు అక్కడ. వరదొస్తే తాడు తెంపుకు పోతాది. పేటకి మూడు కోసుల దూరాన బోటు పెట్టి రాత్రిపూట ఇంజినుకి ఎవుడు కాపలా?"

బావ లేచి వెళ్లిపోయాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ వెంటపడలేదు. నేను అడ్డు చెప్పింది బోటుకి కాదు, ఆ గుంటలు ఊళ్లో ఉండాలన్న కోరికకి చెప్పానని ఆయన అనుకున్నాడేమోనని రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అసలు చిక్కే అక్కడుంది. ఆ బోటు ఎత్తాలంటే వెళ్లిపోయినవాళ్లు కావాలి, వాళ్లు రావాలంటే ఆ బోటు కావాలి. ఇరవై నాలుగు మంది ఒకేసారి తిరిగొస్తే నేనే ముందు బంగారం తీసిస్తాను. ఒక్కడి కోసం తెస్తే మొదటి తూర్పుగాలికి ఆ బోటు కెరటంలో అడ్డం తిరుగుతుంది, పట్టుకోబోయినవాడు దాని కింద ఉంటాడు. అలా పోయినవాళ్లు మా పేటలో ఇద్దరున్నారు. ఇద్దరినీ సముద్రం కాదు, సొంత బోటే నలిపింది, మొలలోతు నీళ్లలో.

మూడో రోజు సాయంత్రం బావ వచ్చి నా పక్కన కూచుని, "మరి ఎంతది మొయ్యగలం?" అన్నాడు.

అది కూడా లెక్కేశాం, ఈసారి ఇద్దరం కలిసి. 26 అడుగులైతే బరువు ఒకటిన్నర రెట్ల కన్నా కొంచెం ఎక్కువ. పదమూడు, పద్నాలుగు మంది. మా వీధి సరిగ్గా మొయ్యగలిగినంత. ఒక్క మనిషి తగ్గినా కష్టమే, కాబట్టి 25 అనుకున్నాం. ఐదుగురు ఎక్కొచ్చు. మేనల్లుడు, వాడి నేస్తం ఒకడు. పాతదానికి రాయితీ లేదు గానీ కొత్త తెప్పకి కేంద్రం మత్స్య సంపద యోజనలో ఉంది, ఆడవాళ్ల పేరునైతే 60 శాతం. దరఖాస్తు నా పేరునే రాశాను. మావయ్య ఒక్క షరతు పెట్టాడు. తెరచాప కొయ్యకి గుంట ఉండాలట. ఒకసారి ఇంజిను ఆగిపోతే చాప ఎత్తుకుని దక్షిణపు గాలి మీద ఇంటికొచ్చిన మనిషి ఆయన. అటక మీద చుట్టి పెట్టిన పాత చాప దింపి ఎండేశాడు. ఎలకలు రెండు చోట్ల కొట్టాయి, అత్త కుడుతోంది.

భావనపాడు ఆయనకి ఫోను చేసి మాకు కుదరదని చెప్పాను. ఏరున్న ఊరివాళ్లెవరైనా కొనుక్కుంటే వాళ్లకది మంచి బోటే, దిమ్మ మాత్రం విప్పి చూసుకోమనండి అని కూడా చెప్పాను. ఆయనకి కోపమొచ్చింది, పెట్టేశాడు.

ఇవాళ పొద్దున్న మా తెప్పని బోర్లా తిప్పారు. ఎనిమిదిమంది చాలు అన్నాను కదా, ఏడుగురే దొరికారు. ఎనిమిదో మనిషిగా నేనే కర్ర కింద భుజం పెట్టాను. నడిమి గీత వెంబడి నారలు గీకి, ఉప్పు పోయేదాకా మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాం. రేపు ఎండెక్కకముందే రెజిను కలపాలి. ఎండలో కలిపితే బ్రష్షు పెట్టేలోపే గడ్డకడుతుంది. మేనల్లుడు కూడా వస్తానన్నాడు.